యుద్ధానికి వెళ్లిన మనవాళ్లు: రెండో ప్రపంచ యుద్ధ జ్ఞాపకాలు వెతికే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

1939లో దాదాపు రెండు లక్షల మంది ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది. నిర్బంధం లేకుండా చేరినవారితో అంత పెద్ద సైన్యం ప్రపంచంలో మరెక్కడా ఏర్పడలేదు. అందులో మన జిల్లాల వాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. యుద్ధంలో చనిపోయిన సైనికుల్లో చాలామంది పేర్లయినా ఎక్కడో ఒక రాతి మీదో, పుస్తకంలోనో ఉన్నాయి. బతికి తిరిగొచ్చినవారికి, వారికోసం ఇంటి దగ్గర ఎదురుచూసినవారికి, యూనిఫాం లేకుండా యుద్ధం బారిన పడినవారికి మాత్రం ఇంట్లోవాళ్ల జ్ఞాపకమే మిగిలింది. ఆ జ్ఞాపకాన్ని కాగితం మీదికి తేవాలనుకునే మనవలు, ముని మనవల కోసం ఈ సమాధానాలు.

ఊళ్లో అందరూ ఆయన్ను ‘మిలటరీ తాత’ అనేవారు. అంతకు మించి మాకేమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సైనిక నంబరు, పనిచేసిన దళం, హోదా. ముందు ఈ మూడూ సంపాదించండి. వీటిలో నంబరే ముఖ్యం. ఒకే దళంలో పది మంది వెంకటస్వాములు ఉండవచ్చు, నంబరు మాత్రం ఒక్కరిదే.

డిశ్చార్జి సర్టిఫికెట్ దొరికితే సగం పని అయినట్టే. చేరిన తేదీ, విడుదలైన తేదీ, నంబరు, పతకాలు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. అది దొరక్కపోతే పింఛను కాగితాలు, మనియార్డరు రసీదులు, భూమి పత్రాలు చూడండి. యుద్ధం తర్వాత మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ పట్టా తాలూకు ఫైలు తహసీల్దారు కార్యాలయంలో ఉంటే దళం పేరు, నంబరు అందులో కనిపించవచ్చు. యుద్ధం నుంచి వచ్చాక రైల్వేలోనో పోలీసు శాఖలోనో చేరినవారైతే అక్కడి సర్వీసు రిజిస్టరులోనూ పాత సైనిక సేవను నమోదు చేసి ఉంటారు.

ఫొటో ఒక్కటే ఉంటే దాన్ని ఫ్రేములోంచి తీసి వెనక వైపు చూడండి. స్టూడియో ముద్ర బెంగళూరుదా, రంగూన్‌దా, కైరోదా అన్నదాన్ని బట్టి ఆయన ప్రయాణం కొంత తెలుస్తుంది. టోపీ మీది బ్యాడ్జిని, భుజం మీది అక్షరాలను పెద్దవిగా చేసి చూస్తే దళాన్ని పోల్చుకోవచ్చు.

తెలుగువాళ్లు అంతగా సైన్యంలో చేరేవారు కాదంటారు కదా?

ఈ మాట వెనక ఒక అన్యాయం ఉంది. 18, 19 శతాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీకి యుద్ధాలు గెలిచిపెట్టిన మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ముఖ్యమైన భాగం. తర్వాత బ్రిటిష్ అధికారులు ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతాన్ని నెత్తిన పెట్టుకుని, దక్షిణాదివాళ్లు పోరాటానికి పనికిరారని తీర్మానించారు. మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ 1920ల చివరికి పూర్తిగా తుడిచిపెట్టేశారు. జపాన్ ముప్పు దగ్గరపడి మనుషులు కావలసివచ్చాక, 1940ల మొదట్లో, అదే మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. పనికిరారన్నవాళ్లే బర్మా అడవుల్లో పోరాడారు.

మద్రాస్ శాపర్ల దళం మాత్రం ఎన్నడూ రద్దు కాలేదు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం, దారులు వేయడం వాళ్ల పని. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా అన్నిచోట్లా వాళ్లున్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలటరీ మాధవరం’ అనడం వెనక తరతరాల సైనిక సేవ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరి కుటుంబాలు బిడ్డలను సైన్యానికి పంపుతూనే ఉన్నాయి.

వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, చాకలి, మంగలి, పారిశుద్ధ్య పనివాళ్లు కూడా సైన్యంతో పాటే నడిచారు. ‘ఫాలోయర్లు’ అని వేరే జాబితాలో రాసి, తక్కువ జీతమిచ్చారు. మీ తాతగారు వంటవాడిగా వెళ్లారని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరైనా వెనకాడుతుంటే, బాంబు పడినప్పుడు ఆ వంటశాల కూడా ముందు వరుసల దగ్గరే ఉందని వారికి చెప్పండి.

ఒక పతకం మాత్రం దొరికింది. దాన్నుంచి ఏం తెలుస్తుంది?

ముందుగా దాని అంచు చూడండి. భారత సైనికులకు ఇచ్చిన చాలా పతకాల మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆరు కోణాల కంచు నక్షత్రమైతే దాని మీది మాట ఆయన ఎక్కడ యుద్ధంలో ఉన్నారో చెబుతుంది: బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, పసిఫిక్ స్టార్. గుండ్రటి ఇండియా సర్వీస్ మెడల్ అయితే దేశంలోనే మూడేళ్లు సేవ చేశారని అర్థం. పతకాన్ని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి. తోమినకొద్దీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.

మా ముత్తాతగారు యుద్ధంలో చనిపోయారట. సమాధి ఎక్కడ ఉంటుంది?

బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోరాడి చనిపోయినవారి సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో ఏర్పడింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన దాదాపు 17 లక్షల మంది వివరాలు దాని దగ్గర ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అవిభక్త భారత సైనికులు అందులో సుమారు 87,000 మంది. కమిషన్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే పేరుతో, నంబరుతో, దళంతో వెతకవచ్చు.

అయితే హిందువులకు, సిక్కులకు సాధారణంగా దహన సంస్కారం చేశారు కాబట్టి సమాధి బదులు స్మారక ఫలకం మీద పేరు ఉంటుంది. కొహిమా యుద్ధ శ్మశానంలో 1,420 సమాధులు ఉంటే, అక్కడి దహన స్మారకం మీద 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఉన్నాయి. బర్మాలో చనిపోయి, సమాధి తెలియనివారి పేర్లు యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద చెక్కారు. అవి దాదాపు 27,000. మలయా, సింగపూర్‌లలో గల్లంతైనవారిని క్రాంజీలోని సింగపూర్ స్మారకం మీద చూడాలి. రణక్షేత్రాలకు దూరంగా మరణించిన పాతిక వేల మందికి పైగా సైనికులకు ఢిల్లీ యుద్ధ శ్మశానంలో స్మారకం ఉంది. దక్షిణాదిలో చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సిమెట్రీని తప్పక చూడండి. ఓడల్లో పనిచేస్తూ సముద్రంలో పోయినవారికి ఫలకం లేదు. వాళ్ల పేర్లు ముంబయి, చిట్టగాంగ్‌లలో పుస్తకాల రూపంలో ఉన్నాయి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. కమిషన్ లెక్కలో రెండో ప్రపంచ యుద్ధ కాలం 1945తో ముగియదు, 1947 డిసెంబర్ 31 వరకూ సాగుతుంది. 1946లో సైన్యంలో ఉండగానే మలేరియాతోనో క్షయతోనో ఆస్పత్రిలో చనిపోయిన సిపాయి కూడా యుద్ధ మృతుడే. ‘ఆయన యుద్ధంలో చనిపోలేదు, జబ్బుచేసి పోయాడు’ అని ఇంట్లో అంటుంటే వెతకడం మానకండి.

వెతికితే పేరు దొరకడం లేదు.

పేరును ఇంగ్లిషులోకి ఏ గుమస్తా ఎలా విన్నాడో అలా రాశాడు. వెంకటస్వామి ఒకచోట వెంకటసామి, మరోచోట వెంకడసామి. నరసింహులు నర్సిములు అవుతాడు. ఇంటిపేరు చాలా రికార్డుల్లో ఉండదు, ఉన్నా ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. కాబట్టి పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం ఇచ్చి, దేశం, దళం, సంవత్సరం బట్టి వడపోయండి. మృతుడి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా రాసిన రికార్డులు చాలా ఉన్నాయి. అక్కడ పాత స్పెల్లింగులు గుర్తుంచుకోవాలి. కాకినాడ అప్పట్లో కోకనాడ, ఏలూరు ఎల్లోర్, కృష్ణా జిల్లా కిస్ట్నా, విశాఖపట్నం వైజాగపటం. అన్నీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

నిజంగానే పేరు లేదని తేలితే, ఆధారాలతో కమిషన్‌కు రాయవచ్చు. పరిశీలించి కొత్త పేర్లు చేర్చే పద్ధతి వాళ్లకు ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటివారి సంగతి?

మరింత కష్టం. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారత సిపాయిలను మాత్రం దళం కింద ఒక అంకెగా రాశారు. ఆసియా, ఆఫ్రికా సైనికులను, శ్రామిక దళాలవారిని అలా చిన్నచూపు చూసినట్టు కమిషన్ 2021లో తన నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పేరుతో గానీ, అసలు ఏ రకంగా గానీ స్మరణకు నోచుకోనివారు కనీసం 1,16,000 మంది ఉంటారని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని అందులో అంచనా వేశారు. ఆ యుద్ధంలో అవిభక్త పంజాబ్ నుంచి వెళ్లిన 3.2 లక్షల మంది వివరాలున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దొరికాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మన జిల్లాలకూ అలాంటి జాబితా తయారుకావాలని నాకు గట్టి కోరిక. ఊరు ఊరున కుటుంబాలు రాసిపెడితే తప్ప అది సాధ్యం కాదు.

తాతగారు క్షేమంగా తిరిగొచ్చారు. ఆయన రికార్డు ఎక్కడ ఉంటుంది?

వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉండదు, అది మృతులకు మాత్రమే. సిపాయిల సేవా పత్రాలు ఆయా దళాల రికార్డు కార్యాలయాలకు చెందినవి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లది బెంగళూరు, ఆయుధాలు, సామగ్రి చూసుకునే ఆర్డ్‌నెన్స్ దళానిది సికింద్రాబాద్. నంబరు, పేరు, చేరిన సంవత్సరం, మీకు ఆయనతో ఉన్న బంధుత్వం రాసి, చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం నకలు జతచేసి ఉత్తరం పంపండి. యుద్ధకాలంలో చేరి కొద్దికాలానికే విడుదలైనవారి కాగితాలు అన్నీ మిగిలి ఉండకపోవచ్చు. అందుకని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. పింఛను రాని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, వారి భార్యలకు ఆర్థిక సాయం చేసిన పథకాల రిజిస్టర్లు అక్కడ ఉంటాయి.

నిజాం రాష్ట్రం నుంచి వెళ్లినవారిని ఎలా వెతకాలి?

హైదరాబాద్‌కు సొంత సైన్యం ఉండేది. హైదరాబాద్ లాన్సర్లు (గుర్రపు దళం) మొదటి యుద్ధంలో పాలస్తీనాలో పోరాడారు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు. రెండో యుద్ధంలో జపాన్ సేనలు 1941 డిసెంబర్ 8న మలయాలోని కోటా భారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉంది. వీరి వివరాలను సంస్థానాల సైన్యాల కింద వెతకాలి, భారత సైన్యం కింద వెతికితే దొరకకపోవచ్చు.

యుద్ధంలో పనిచేసిన స్త్రీలు ఉన్నారా?

ఉన్నారు. 1942లో ఏర్పడిన విమెన్స్ ఆగ్జిలరీ కోర్‌లో పదకొండు వేల మందికి పైగా చేరారు. టైపు, టెలిఫోను, సంకేత భాష, స్టోర్లు, లెక్కలు వాళ్ల చేతుల్లో నడిచాయి. నౌకాదళానికి కూడా స్త్రీల విభాగం వచ్చింది. నర్సులైతే ఇంఫాల్ దాకా, మధ్యప్రాచ్యం దాకా వెళ్లారు. భారతీయ నర్సుల్లో మిషన్ ఆస్పత్రుల్లో శిక్షణ పొందినవారు ఎక్కువ కాబట్టి, మీ కుటుంబంలో అలాంటి అమ్మమ్మో పెద్దమ్మో ఉంటే ఆ ఆస్పత్రి పాత రిజిస్టర్లు, చర్చి పత్రాలు చూడండి.

స్త్రీల విషయంలో ఒక చిక్కు ఉంది. పెళ్లితో ఇంటిపేరు మారిపోతుంది, ఉద్యోగం మానేస్తారు, తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ‘అమ్మమ్మ పెళ్లికి ముందు ఏం చేసేది?’ అని ఒక్కసారి అడిగి చూడండి.

మావాళ్లు సైన్యంలో లేరు. రంగూన్‌లో కూలికి వెళ్లి యుద్ధంలో నడిచి వచ్చారు. అది కూడా రాయాలా?

ముందు అదే రాయండి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో దీన్ని మించిన యుద్ధ జ్ఞాపకం లేదు.

కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి దశాబ్దాల పాటు తెలుగువాళ్లు బర్మా వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లను ‘కొరింగీలు’ అన్నారు. రంగూన్ ఓడరేవులో సరుకు మోసింది, రిక్షా లాగింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది చాలావరకు మనవాళ్లే. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడగానే రేవు కార్మికులు ప్రాణాలు అరచేత పట్టుకుని బయలుదేరారు. ఓడలో చోటు దొరకనివాళ్లు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు సరిహద్దు ఊరైన ‘తము’ మీదుగా ఇంఫాల్‌కు, చివరికి మిగిలినవాళ్లు వర్షాల్లో హుకావంగ్ లోయ గుండా అస్సాంకు వెళ్లారు. సుమారు ఐదు లక్షల మంది అలా భారతదేశం చేరారు. కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. తెల్లవారికి మెరుగైన దారి, మనవాళ్లకు కష్టమైన దారి కేటాయించారని అప్పుడే నిరసనలు వచ్చాయి.

ఈ మృతులకు స్మారకం లేదు, వారి పేర్లు ఎక్కడా రాసుకోలేదు. ఎవరితో బయలుదేరారు, ఏ దారిన నడిచారు, ఎవరిని ఎక్కడ పోగొట్టుకున్నారు, చేరాక ఏ రైలెక్కారు, ఊళ్లోకి వచ్చేసరికి ఇల్లు ఉందా లేదా అన్నది మీ ఇంట్లో తెలిసినంత మేరకు రాయండి.

మలయా రబ్బరు తోటలకు వెళ్లిన మా పెద్దనాన్న ‘రైలు పనికి’ తీసుకెళ్లాక తిరిగిరాలేదు.

అది సయాం (నేటి థాయిలాండ్)–బర్మా రైలుమార్గం. 1942–43లో జపాన్ సైన్యం 415 కిలోమీటర్ల దారిని బలవంతపు చాకిరీతో వేయించింది. దాదాపు 13,000 మంది యుద్ధ ఖైదీలు చనిపోయారు. వారికి థాయిలాండ్‌లోని కాంచనబురిలో పచ్చిక మధ్య వరుసగా తీర్చిన సమాధులున్నాయి. తోటల నుంచి తెచ్చిన తమిళ, తెలుగు, మలయ్, బర్మా కార్మికులు 80 వేల నుంచి లక్ష మంది చనిపోయారని అంచనా. వారికి అలాంటి వరుసలు లేవు. మలేషియాలోని తెలుగు కుటుంబాల్లో ఈ మరణాల జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. తోట పేరు, ఆ తోట ఉన్న రాష్ట్రం తెలిస్తే అక్కడి బంధువుల ద్వారా వెతకడం సులువు.

తాతగారు బ్రిటిష్ సైన్యంలో చేరి, సింగపూర్‌లో పట్టుబడ్డాక నేతాజీ ఫౌజులో చేరారు. ఏది చెప్పుకోవాలి?

రెండూ. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక ఖైదీలైన భారత సైనికుల ముందు నిలిచిన ఎంపిక చాలా కఠినమైనది. చేరినవారిలో దేశభక్తితో చేరినవారు ఉన్నారు, క్యాంపు నరకం తప్పించుకోవడానికి చేరినవారూ ఉన్నారు. చేరనివారిని న్యూగినీ లాంటి దూరద్వీపాలకు చాకిరీకి పంపితే చాలామంది తిరిగిరాలేదు. ఎనభై ఏళ్ల తర్వాత కూర్చుని వారిలో ఎవరు గొప్ప అని తూకం వేసే హక్కు మనకు లేదని నా నమ్మకం. ఫౌజుకు సంబంధించిన పత్రాలు ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉన్నాయి. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు దరఖాస్తు చేసుకుని ఉంటే ఆ ఫైలులో ఆయన సొంత వాంగ్మూలం ఉండవచ్చు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ల గురించి రాయడానికి ఏముంటుంది?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. నాటి బాంబును విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. తర్వాత కంట్రోలు రోజులు వచ్చాయి. బియ్యం, కిరసనాయిలు, బట్ట అన్నీ కొరతే. మొగుడు పంపే మనియార్డరు ఆలస్యమైతే అప్పు ఎవరి దగ్గర తెచ్చారు? ఉత్తరం ఎవరితో చదివించుకున్నారు? ఆ ఉత్తరాన్ని సెన్సారు ముందే చదివేవాడు కాబట్టి ఎక్కడున్నదీ రాయకూడదు. భర్త ఏ దేశంలో ఉన్నాడో తెలియకుండానే మూడేళ్లు, నాలుగేళ్లు పొలం చేయించి, పిల్లల్ని పెంచి, అత్తమామలను సాకిన ఇరవై ఏళ్ల అమ్మాయిలు ఎందరో. వాళ్ల కష్టం మీద కూడా ఆ యుద్ధం నడిచింది.

పెద్దవాళ్లను ఎలా అడగాలి?

‘యుద్ధం గురించి చెప్పండి’ అంటే ఎవరూ చెప్పలేరు. చిన్న చిన్నవి అడగండి. ఏ స్టేషన్‌లో రైలెక్కారు? సాగనంపడానికి ఎవరు వచ్చారు? క్యాంపులో ఏం పెట్టేవారు, అన్నమా రొట్టెలా? తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చారు? హిందీ ఎక్కడ నేర్చుకున్నారు? చివరి ప్రశ్నకు అర్థం ఉంది: ఆనాటి సైన్యం ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఉర్దూతో నడిచేది, అక్షరం ముక్క రానివాళ్లు కూడా దాన్ని నేర్చుకుని వచ్చారు.

ఇప్పుడు ఆనాటి సైనికులు మిగలడం చాలా అరుదు. వాళ్ల పిల్లలే ఎనభైకి చేరుతున్నారు. అందుకని ఈ పని వచ్చే సంక్రాంతికో, పెళ్లికో వాయిదా వేయకండి. ఫోనులో రికార్డు చేసి, మొదట్లోనే చెప్పేవారి పేరు, తేదీ, ఊరు మీ గొంతుతో చెప్పండి. మధ్యలో సరిదిద్దవద్దు. ఏడిస్తే ఆపేయండి. ఇక చెప్పనంటే అక్కడితో వదిలేయండి.

ఆయన చెప్పేది చరిత్రతో సరిపోవడం లేదు.

తేదీలు, ఊళ్ల పేర్లు తప్పిపోవడం సహజం. ఆయన చెప్పినది చెప్పినట్టే రాసి, పత్రాల్లో ఏముందో కింద వేరుగా రాయండి. రెండూ కలిపి నునుపు చేయకండి.

కాగితాలు, ఫొటోలు ఎలా కాపాడాలి?

లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. రెండు వైపులా స్కాన్ చేసి, అసలువి కాటన్ గుడ్డలోనో ఆమ్లం లేని కాగితంలోనో చుట్టి పొడిగా ఉన్నచోట పెట్టండి. నకళ్లు కనీసం ఇద్దరు బంధువుల ఇళ్లలో ఉంచండి.

ఊళ్లో వీళ్లకు గుర్తుగా ఏదైనా చేయాలనుకుంటున్నాం.

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, దాన్ని 1949 నుంచి జరుపుకుంటున్నాం. విశాఖ, కాకినాడ ప్రాంతాల్లోనైతే ఏప్రిల్ 6 కూడా తగిన రోజే. ఫలకం పెట్టదలిస్తే చనిపోయినవారితో ఆగకండి. తిరిగొచ్చినవారు, నర్సులు, ఫాలోయర్లు, బర్మా నుంచి నడిచి వచ్చినవారు, దారిలో పోయినవారు అందరూ ఉండాలి. ఒక్కో పేరు పక్కన ఇంటిపేరు, తండ్రి పేరు, తెలిస్తే నంబరు, దళం రాయండి. రాతి మీద చెక్కించే ముందు జాబితాను నెల రోజులు పంచాయతీ కార్యాలయం గోడకు అంటించి ఉంచండి. వదిలేసిన పేర్లు ఉంటే ఆ కుటుంబాలవాళ్లే వచ్చి చెబుతారు.